తిరగబడ్డ తోలుపట్టీ

"సరిగ్గా పదకొండు గంటలకు మైక్రోఫిల్మ్ చేతులు మారుతుంది," అన్నాడు చీఫ్. "అందులో మన గూఢచారుల పేర్లు తొమ్మిదున్నాయి. మొదటిది మీ అక్కది."

ఏజెంట్ చేతి గడియారం చూసుకున్నాడు. శత్రువుల రాజధానిలో ఆరేళ్ళుగా కుట్టుపని దుకాణం నడుపుతోంది అక్క. ఫిల్మ్ సరిహద్దు దాటితే ఆమెకు రేపు లేదు.

మిగతాది చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. పాత యుద్ధకాలపు ఉక్కు హెల్మెట్లు మూడు, అచ్చుగుద్దినట్టు ఒకేలాంటివి, నిన్న పాత సైనిక వస్తువుల ఎగ్జిబిషన్‌కు చేరాయి. ఒకదానిలో ఫిల్మ్ ఉంది. అది ఎందులోనో 'నెమలి' చెబుతుంది. ఫిల్మ్ అమ్ముతున్న ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. ఫిల్మ్ చేతికందగానే కళ్ళజోడులోని మీట నొక్కితే మనవాళ్ళు తలుపులు మూసేస్తారు. నీ చేయి తప్పు హెల్మెట్‌పై పడితే మాత్రం, ముఠా అసలుదానితో మాయమవుతుంది.

పదిన్నరకు అతికించిన గడ్డంతో ఏజెంట్ హాల్లో అడుగుపెట్టాడు. ఇనుప బల్లలు, నూనె వాసన, పాత తోలు వాసన. ఆ మూడింటినీ అమ్మకానికి పెట్టిన ముసలాయన, అతడు చేయి చాపగానే చేతికర్రతో బల్లను కొట్టాడు.

"తుడవకు. తుప్పంటే దాని వయసు. బొటనవేలితో చెరిపేస్తావా?"

నిజంగా యుద్ధంలో వాడినదాన్ని ఎలా గుర్తుపట్టాలో ఏజెంట్ వినయంగా అడిగాడు. ముసలాయన పురుగును చూసినట్టు చూసి, తన సొంత హెల్మెట్ ఒకటి తిరగేశాడు.

"లోపలి తోలుపట్టీ నుదుటి దగ్గర నల్లబడింది, చూడు. మనిషికి చెమట ముందు పడుతుందా, వెనక పడుతుందా? గడ్డం పెంచగానే సరా నాయనా?"

ఇంతలో అత్తరు గుప్పుమంది.

"వాన వచ్చేలా ఉంది," అంది నెమలి.

"గొడుగు మరిచాను," అన్నాడు ఏజెంట్, కోడ్ ప్రకారం.

"మొదటిది," గుసగుసలాడింది.

పది గంటల యాభై ఎనిమిది నిమిషాలు. మొదటిది తిరగేశాడు. నుదుటి వైపే నలుపు. రెండోదీ అంతే. మూడోదానిలో నలుపు మెడ వైపుంది. ఫిల్మ్ దాచిన చేతికి హెల్మెట్లు తెలియవు. పట్టీ ఊడదీసి, తిరగేసి బిగించింది. మరి నెమలి అబద్ధమెందుకాడింది? ఆమె ఎవరి మనిషో తేలిపోయింది.

"నెమలికి ఒంటినిండా కళ్ళే," అన్నాడు మూడోది ఎత్తి, కళ్ళజోడు నొక్కుతూ. "ఒక్కటీ చెమట మరక చూడలేదు."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ లేచింది. అతడు హెల్మెట్‌ను గుండెకు అడ్డం పెట్టాడు. బిరడా ఊడినంత చప్పుడు. గుండు ఉక్కును గీరి పక్కకు పోయింది. రెండోసారి పేల్చేలోగా ముసలాయన కర్ర ఆమె మణికట్టుపై పడింది. హెల్మెట్‌ను కాల్చిన మనిషిని ఆయన క్షమించడు. ఫిల్మ్ అందుకోవడానికి వస్తున్న బూడిదరంగు కోటువాడు వెనుదిరిగేసరికి, తలుపుల దగ్గర చీఫ్ మనుషులున్నారు. గోడ గడియారం పదకొండు కొట్టింది.

పట్టీ కింద ఫిల్మ్ భద్రంగా ఉంది. సాయంత్రం అక్క ఎప్పటిలాగే దుకాణం మూసి ఇంటికి వెళుతుంది.

ఏజెంట్ హెల్మెట్‌ను రెండు చేతులా ముసలాయనకు అందించాడు. ఆయన సొట్టను వేలితో తడిమి, వెనక్కి నెట్టేశాడు.

"ఈ దెబ్బ కొత్తది. నలభై ఏళ్ళు తుప్పు పట్టనిచ్చి తీసుకురా, అప్పుడు చూద్దాం."