ఎప్పుడూ ఉండే బరువు

పొద్దున్నే ముందుగదిలో ఆయన చెప్పులు వేసుకుని తూకం మిషను ఎక్కాడు. ఆమె కుట్టుమిషను ముందు నుంచి లేచి, కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"చెప్పులతో ఎందుకండీ?"

"చెప్పులు లేకుండా కొండ ఎక్కుతానా? ఎంతో చెప్పు."

"ఎనభై రెండు."

"మొన్న ఎనభయ్యే కదా!"

"మొన్న టిఫిను తినకముందు చూసుకున్నారు. నిజం రాయనా, మీ మనసుకు నచ్చింది రాయనా?"

"నిజమే రాయి. బండి విషయంలో అబద్ధం పనికిరాదు," అన్నాడాయన. అని, కూతురు స్నానం చేస్తున్న గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "దానికి మాత్రం చెప్పకు."

ఆమె కలం పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తరవాత రాసింది. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. స్టీరింగు పట్టిన చేతికి కలం లొంగదు కాబట్టి ఇంట్లో ఏ కాగితమైనా ఆమే రాస్తుంది.

ఆ కాగితం స్ప్రింగుల మేస్త్రీ ఇచ్చింది. కూతురికి కొత్తగా కొండమీద ఉద్యోగం వచ్చింది. పన్నెండు చోట్ల వాన కొలిచే గొట్టాలు చూసుకోవాలి, వాగు ఎంత పెరిగిందో కింద ఊళ్ళకు కబురు పంపాలి. దారంతా బండరాళ్ళు. కూతురు కొనుక్కున్న పాత జీపు కడుపు మొదటి వారమే రెండుసార్లు రాళ్ళకు తగిలింది. బండిని రెండంగుళాలు ఎత్తితేనే వానల్లో ఆ దారిన వెళ్ళగలదు. ఎత్తే స్ప్రింగులు మూడు రకాలున్నాయి, తేలికవి, మధ్యరకం, గట్టివి. ఏవి వేయాలో తేల్చడానికి మేస్త్రీ అడిగింది ఒక్కటే. డ్రైవరు కాక బండిలో ఎప్పుడూ ఉండే బరువెంత?

కూతురి పనిముట్ల పెట్టె పద్దెనిమిది కిలోలు. దాని కింద తల్లి తన భర్త చెప్పినవన్నీ వరసగా రాసింది. రెండో స్టెప్నీ, రెండు నీళ్ళ క్యాన్లు, సామాన్ల పెట్టె, పెద్ద జాకీ. అన్నిటికంటే కింద ఎనభై రెండు. పక్కన పేరు రాయలేదు.

"అది ఊరుకుంటుందా?" అంది.

"మొదటిరోజు వెళ్ళి పక్క సీట్లో కూర్చుంటాను. కన్నతండ్రిని దింపేస్తుందా?"

వానలకు ఇంకా పది రోజులున్నాయి. ఆలోపు బండి సిద్ధం కాకపోతే పిల్లను ఆఫీసులో కూర్చోబెట్టి ఆ పనికి ఇంకొకరిని పంపుతామని పై అధికారి చెప్పాడు. కూతురికి ఆ పది రోజులూ పరుగులా గడుస్తున్నాయి. తల్లికి మాత్రం గడవటం లేదు. రోజూ స్నానం చేసి దేవుడి ముందు కూర్చుని ఒకటే అడుగుతోంది. "స్వామీ, ఆ స్ప్రింగులు ఆలస్యంగా రానీ." అడిగి లేచాక మనసులో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. బిడ్డ దారికి అడ్డం పెట్టమనడం కూడా ప్రార్థనేనా? దేవుడు వినకపోతే బాగుండు అనిపించే ప్రార్థన ఎందుకు చేస్తున్నట్టు?

దేవుడు వినలేదు. స్ప్రింగులు ఐదో రోజునే వచ్చాయి.

మేస్త్రీ షెడ్డు ఊరి చివర, కంకర క్వారీ దారిలో ఉంది. మధ్యాహ్నానికి పని పూర్తయి బండి జాకీల మీంచి దిగింది. రెండంగుళాలు పెరిగి, కుదుపులు ఆపే కొత్త షాకులతో, మెడ ఎత్తిన కోడెలా నిలబడింది. కూతురు చుట్టూ తిరిగి మురిసిపోయింది. తండ్రి తెచ్చిన సామానంతా చకచకా వెనక ఎక్కించాడు.

"ఇంత సామానెందుకు నాన్నా? బండా, బదిలీ మీద పోతున్న కాపురమా?"

"ఉండనీ తల్లీ. అడవిలో ఇరుక్కుంటే ఆకులు నములుతావా? పద, ఒక చుట్టు తిరిగొద్దాం."

తండ్రి ముందు కూర్చున్నాడు. తల్లి షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది. కంకర ఏటవాలు మీద జీపు నీటిమీద పడవలా వెళ్ళి వచ్చింది. ఆయన నవ్వుతూ దిగాడు.

"చూశావా? నిండు బండికున్న నిలకడ దేనికీ ఉండదు!"

"బాగుంది. ఇప్పుడు ఇవన్నీ దించండి," అంది కూతురు. "రోజూ నేను వెళ్ళేది నా పెట్టెతోనే కదా. అలా కూడా చూడాలి."

"అక్కర్లేదమ్మా. సామాను అందులోనే ఉంటుంది."

"నాన్నా, ఐదు నిమిషాలు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. మేస్త్రీ సామాను దించాడు. కూతురు ఒక్కతే ఎక్కింది.

ఏటవాలు సగం దిగేసరికి జీపు వెనక భాగం ఎగిరింది. దిగుతూనే మళ్ళీ ఎగిరింది. వెనక చక్రాలు కంకర మీద పట్టు తప్పి పక్కకు జారాయి. కుడి పక్కన నిలువెత్తు గొయ్యి. తండ్రి "బ్రేకు తొక్కకు! తొక్కకు!" అని అరుస్తూ పరుగెత్తాడు. బండి అడ్డంగా తిరిగి, గోతికి మూరెడు దూరంలో ఆగింది.

కూతురు దిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. తండ్రి పట్టుకోబోతే చెయ్యెత్తి వద్దని, నేరుగా మేస్త్రీ దగ్గరకు వచ్చింది.

"ఇదేం బిగింపు మేస్త్రీగారూ? గుర్రంలా ఎగురుతోంది!"

"నా పనిలో తప్పు లేదు పాపా," అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ. "ఈ స్ప్రింగు మొండిది. మీద బరువుంటే లొంగుతుంది, లేకపోతే ఎదురు తిరుగుతుంది. షాకు కూడా ఆ బరువుకు తగ్గ గట్టిదే ఇచ్చాను. రెండు వందల దాకా ఎప్పుడూ ఉంటుందని మీరే రాసిచ్చారు. ఇదిగో, చూసుకో."

కూతురు కాగితం తీసుకుంది. వరసగా చదివింది. చివరి అంకె దగ్గర ఆగింది.

"ఈ ఎనభై రెండేంటి?"

మేస్త్రీ ఏదో పాన వెతుక్కుంటున్నట్టు షెడ్డు లోపలికి వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఇది నీ రాత. ఏంటిది?"

"మీ నాన్న," అంది తల్లి నేల చూస్తూ.

"నాన్న నా బండిలో ఎప్పుడూ ఉండే బరువా? రోజూ నాతో వస్తావా నాన్నా? నా ఉద్యోగానికి?"

"వస్తే తప్పేంటి?" ఆయన గొంతు పెంచాడు. "ఆ దారి నువ్వు చూసింది మూడు వారాలు. నేను ముప్పై ఏళ్ళు దారుల్లోనే బతికాను. ఆడపిల్లవి, ఒక్కదానివి, పైన వాన, కింద వాగు..."

"నాకు బండి నడపడం నేర్పింది ఎవరు? నువ్వు నేర్పిన చేతుల మీద నీకే నమ్మకం లేదా?"

"నమ్మకం వేరు, భయం వేరు!"

"నీ భయం బరువుకే స్ప్రింగులు వేయించావు. నువ్వు దిగిన మరుక్షణం అది నన్ను గోతిలోకి తోసింది. ఖాళీ బస్సు గట్టి స్ప్రింగుల మీద ఎగురుతుందని నీకు తెలియదా నాన్నా?"

తెలుసు. ఆయనకు తెలియంది కాదు. తను దిగే రోజే ఉండదు అనుకున్నాడు, అంతే.

"నువ్వు బస్సు నడిపినన్నాళ్ళూ అమ్మ నీ పక్కన కూర్చుందా?" అంది కూతురు.

"కూర్చోలేదు," అంది తల్లి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

"పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాను. ఘాటు రోడ్డు డ్యూటీ మానుకోండి, నాకు భయంగా ఉంది అన్నాను. ఏమన్నారో గుర్తుందా? 'నీ భయం నాకు చెప్పకు. అది గుర్తొస్తే మలుపులో నా చేతులు వణుకుతాయి' అన్నారు. అంతే, మళ్ళీ చెప్పలేదు. ఇప్పుడు దాని విషయంలో మాత్రం మీరు చెప్పిందల్లా రాసిచ్చాను. స్ప్రింగులు రాకూడదని దేవుడికి కూడా మొక్కాను. తప్పు మీ ఒక్కరిదే కాదు." కూతురి వైపు తిరిగింది. "నా కళ్ళముందే నువ్వు ఆ గొయ్యి దాకా వెళ్ళావమ్మా. రాసింది ఈ చేత్తోనే."

కూతురు వచ్చి తల్లి భుజం మీద తల ఆనించింది.

ఆయన కంకర మీద పడ్డ చక్రాల చారల దాకా వెళ్ళి చూసి వచ్చాడు. తరవాత షెడ్డు లోపలికి కేకేశాడు.

"మేస్త్రీ! పాన దొరికిందా?"

"దొరికిందన్నా, మీరు అరవడం ఆపగానే దొరికింది."

"ఇవి విప్పు. తేలిక రకం స్ప్రింగులు ఉన్నాయా?"

"ఉన్నాయి. వాటికి తగ్గ షాకులు రెండు రోజుల్లో తెప్పిస్తా. మరి బరువు ఎంతని రాసుకోను?"

"పద్దెనిమిది," అన్నాడాయన. "పెట్టె ఒక్కటే. ఇంకెవరూ లేరు."

"అప్పుడప్పుడూ ఒక మనిషి ఎక్కితే ఏమీ కాదులే అన్నా. ఎప్పుడో వచ్చే చుట్టాల బరువు లెక్కలోకి రాదు."

"విన్నావా నాన్నా?" అంది కూతురు, తడి కళ్ళతోనే నవ్వుతూ. "ఆదివారాలు చుట్టంలా రావచ్చు."

రెండు రోజులూ ఆయన మేస్త్రీతో పాటు జీపు కింద పడుకుని పని చేశాడు. ప్రతి బోల్టూ తనే మరోసారి బిగించి చూశాడు.

వానలు మొదలైన రోజు పొద్దున కూతురు ఒక్కతే బయల్దేరింది. భార్యాభర్తలిద్దరూ వీధి గుమ్మంలో నిలబడ్డారు. జీపు రోడ్డు మీది గుంటలో మెత్తగా దిగి, మెత్తగా లేచింది. "మెల్లగా" అనబోయి ఆయన పెదవి కొరుక్కున్నాడు. బండి మలుపు తిరిగింది. చప్పుడు కూడా వినబడటం మానేశాక ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"సాయంత్రం ఆరవుతుందట వచ్చేసరికి," అన్నాడు. "ఇప్పుడు ఏడైనా కాలేదు."

"అవును."

"గుండెలో రాయి పెట్టినట్టుందే."

"ఉంటుంది."

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చూడనట్టు చూశాడు.

"రోజూ ఇలాగే ఉండేదా నీకు? నేను వెళ్ళిన ప్రతిరోజూనా?"

ఒక్కరైనా ఈ మాట అడుగుతారని ఆమె ఎప్పుడో అనుకోవడం మానేసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అవునని తలూపి, ఆయన పక్కన కూర్చుంది. ఆయన జరిగి చోటిచ్చాడు. వాన చినుకులు పడుతున్నా ఇద్దరూ లోపలికి వెళ్ళలేదు.