మెట్లింట్లో వేలాడే తల

మెక్సికోలోని త్లాల్పాన్‌లో, మెట్లిల్లు అని పిలిచే ఆ పాత ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా వెళ్లరు.

లోపల మెట్ల మీదకి పైనుంచి ఒక తల దిగుతుందంటారు. మొండెం ఉండదు. మొహం ఉండదు. అంతా బొచ్చే. మనిషి నెత్తికి జానెడు దూరంలో ఆగి... వింటుందట.

మా డైరెక్టర్ హెనారో ఈ మాటకి పగలబడి నవ్వాడు. అతనికి నవ్వొచ్చిన చోటల్లా మాకు షూటింగ్.

నలభై ఏళ్ల కిందట ఆ ఇంట్లో వారానికో రక్తపిశాచి సినిమా చుట్టేసేవారు. రక్తానికి బీట్‌రూట్ రసం, గబ్బిలానికి చిరిగిన గొడుగు. ఆ చవక సినిమాలకి దండం పెడుతూ మేమిప్పుడు ఒకటి తీస్తున్నాం. ఖరీదైన కెమెరాతో శుభ్రంగా తీస్తాం, తర్వాత నేను కూర్చుని బొమ్మంతా గీతలు పెడతాను. ఉతికిన చొక్కాకి మరకలద్దడమే నా ఉద్యోగం.

వాళ్ల తప్పులు కూడా కావాలని చేస్తాం. అన్నిట్లోకీ పేరుమోసిన తప్పు ఒకటుంది. నాయిక మెట్ల మీద ప్రాణం విడుస్తుంటే, పైనుంచి మైకు ఆమె మొహానికి అడ్డంగా దిగుతుంది. ఇప్పటికీ హాల్లో ఈలలే ఈలలు.

ఆనాడు ఆ మైకు కర్ర పట్టుకున్న దోన్ రూఫోనే ఇప్పుడు ఆ ఇంటి కాపలాదారు. హెనారో అందరి ముందూ ఆయన భుజం తట్టాడు.

"రేపు మైకు మీరే పట్టాలి, దోన్ రూఫో. అప్పట్లాగే దించాలి. ఆ విద్యలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు కదా!"

అందరం నవ్వాం. గట్టిగా నవ్వింది నేనే.

ముసలాయన టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ అడిగాడు. "ఎంత కిందికి, బాబూ?"

తర్వాత ఎడిటింగ్‌లో చూస్తే ఆ సీన్లో మైకు దిగనే లేదు. కర్ర నీడైనా పడలేదు. నవ్వుల సీను చంపేశావేంటని హెనారోని పీక్కుతిన్నాను. తల ఎత్తకుండానే చెప్పాడు.

షూటింగ్ ముందు రాత్రి, స్క్రిప్టు పుస్తకం అక్కడే మర్చిపోయి, ఒక్కడే మెట్లింటికి వెళ్లాడట. ఫోను వెలుగులో మూడు మెట్లెక్కాడు... నాలుగో మెట్టు...

నెత్తికి ఏదో తగిలింది. మెత్తగా. బొచ్చుగా.

"నీ నెత్తి మీద ఎప్పుడో పోయిన జుట్టు తిరిగొచ్చిందేమోరా," అన్నాను. అతను నవ్వలేదు.

కదల్లేకపోయాడట. నెత్తి మీద ఆ బొచ్చు... నెమ్మదిగా పైకి లేచింది. ఫోను వెలుగు పైకెత్తాడు.

పై మెట్టు మీద దోన్ రూఫో. రెండు చేతులూ ఎత్తి కర్ర పట్టుకున్నాడు. దాని కొసన, గాలిచప్పుడు పడకుండా బొచ్చు తొడుగేసిన మైకు. చెవులకి హెడ్‌ఫోన్లు. ఏళ్లుగా ఊరంతా భయపడ్డ తల అదే.

"ఏం చేస్తున్నారు?" గుసగుసగా అడిగాడు హెనారో.

"దించకుండా పట్టుకోగలనా అని చూసుకుంటున్నా. రోజూ చూసుకుంటా."

ఆయన చేతులు దించలేదు.

"ఆ రోజు కునుకు పట్టింది, బాబూ. వేరే కారణమేం లేదు. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు... రీలు అయిపోయింది, మళ్లీ తియ్యలేదు. నాయిక వేసిన పెర్లా నిజంగా ఏడ్చింది ఆ సీన్లో. జనం నవ్వారు. ఆవిడ మళ్లీ కెమెరా ముందుకి రాలేదు. పోయి పదకొండేళ్లు. క్షమించమని నోరు తెరిచి అడగలేకపోయాను."

సిగ్గుతో హెనారో మొహం మండిపోయిందట. వింటున్న నాకైతే చెవులదాకా మండింది.

"రేపు దించకండి, దోన్ రూఫో. నేనలా అడగకుండా ఉండాల్సింది."

"నాతో కాదు," అన్నాడు ముసలాయన. కర్ర ఒంటి చేత్తో ఆపి, హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చాడు. "ఆవిడతో చెప్పండి."

హెనారో పైకెక్కి అందుకుని పెట్టుకున్నాడు. మొదట బుస్సుమని చప్పుడు... తర్వాత మెట్టు మీద ఎవరో కూర్చున్నట్టు, బట్టల సవ్వడి... ఊపిరి...

కింద మెట్లన్నీ ఖాళీ.

అప్పుడు, చెవిలోనే, అలిసిపోయిన ఆడగొంతు—

"ఈసారి నిద్రపోకు, రూఫో."

హెనారో హెడ్‌ఫోన్ల తీగ తడుముకుంటూ, తడుముకుంటూ దాని కొస దాకా వెళ్లాడు.

ఆ కొస ఒక మెట్టు మీద పడి ఉంది. దేనికీ తగిలించి లేదు.