పాడు మిద్దెలో ఒకే పళ్ళెం

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయే దోవలో, జొన్నచేన్ల నడుమ శాంతయ్య మిద్దె అని ఒకటుండేది. గత్తర రోగానికి ఆ ఇంటోళ్లంతా పోయినాక ఆడ దీపం పెట్టినోడు లేడు. అయినా అమాస రాత్రి లోపల గుసగుసలు... పళ్ళెం చప్పుడు. చచ్చినోళ్లు బువ్వకు కూచుంటారని మావోళ్లు అనేటోళ్లు. నవ్వుతాండారా? ఆ చేన్లో ఒక్కరే నడిచి చూడండప్పా, అప్పుడు నవ్వుదురు గానీ!

డెబ్బై నాలుగులో మా చిన్నాయన ఇస్సాకు నడిచినాడు. ఆయన నోట విన్నదే చెప్తాండా. ఊరిపెద్ద చెన్నకేశవులు ఇంట్లో జీతానికుండె. ఒక అమాస రాత్రి పెండ్లాం లూదియాకు నొప్పులు... బిడ్డ అడ్డం తిరిగింది. మా పేట మంత్రసాని వీరమ్మ గుడిసెకు ఉరికితే తలుపుకు గొళ్లెం. పొద్దుమునగంగానే జొన్నచేన్లలోకి పోయిందన్నారు పక్కింటోళ్లు.

వెతుక్కుంటా మిద్దె కాడికొచ్చినాడు. లోపల—గుసగుసలు.

"ఏసయ్యా, కాపాడు..." అనుకుంటా కిటికీ సందులో కన్ను పెట్టినాడు.

బుడ్డిదీపం. నేలమీద ఒకే పళ్ళెం, చుట్టూ ఐదారుగురు. అందులో వీరమ్మ! ఆమె పక్కన... చెన్నకేశవులు. పగలు ఇస్సాకుకు తాకకుండా పైనుంచి దోసిట్లో నీళ్లు పోసే మనిషి, వీరమ్మ ఎంగిలి ముద్ద తింటాండాడు. ఒక జాగా మాత్రం ఖాళీ. దాని ముందర కూడా ముద్ద పెట్టుండారు.

కాలి కింద రాయి కదిలింది. అంతే—తలుపు తెరిచి లోపలికి ఈడ్చినారు.

"చూసినోడు తిని మాలో కలవల్ల," అన్నాడు చెన్నకేశవులు. "తినకుంటే పోనీము."

"నా పెండ్లాం సస్తాది సామీ!"

"ఈడ సామీ లేడు. అన్నా అను. నేనూ నిన్ను అన్నా అంటా. మా కూటం ఉపదేశం అదే, ఇంకేం లేదు."

తన చేత్తోనే ముద్ద పెట్టినాడు. ఇస్సాకు ఏడుస్తానే మింగినాడు.

చేన్లెంబడి ఉరుకుతా వీరమ్మ మెల్లగా చెప్పింది— "ఆ ఖాళీ జాగా సోమన్నది. సంతలో, మాతో కలిసి తినే ఒక పెద్దింటాయన్ని మాట జారి అన్నా అన్నాడు. ఆ ఇంటోళ్లే కొట్టి బావిలో ఏసినారు. దయ్యాల మాట మేమే పుట్టించినాం ఇస్సాకూ. ఊరు దయ్యానికి భయపడితేనే మేం బతికేది. పగలు నోరు జాగ్రత్త!"

తెల్లారేసరికి ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా దక్కినారు. ఆ సంతోషం ఎవరికీ చెప్పకుండా, ముఖం కడుక్కోని ఇస్సాకు సీదా పనికి పోయినాడు. చెన్నకేశవులు కండ్లలోకి చూడగూడదని దారంతా అనుకుంటానే పోయినాడు.

అరుగు మీద చెన్నకేశవులు, పక్కన తమ్ముడు సంజీవయ్య, ఇంకా ఊరి మనుషులు. ఇస్సాకు చెప్పులు చేతబట్టుకోని దూరంగా తల వంచుకోని నిలబడినాడు.

చెన్నకేశవులు కండ్లు ఎర్రగుండాయి. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. ఇస్సాకును చూడంగానే దిగ్గున లేచినాడు—

"బిడ్డ బతికిందా, అన్నా?"

అరుగు మీదోళ్లంతా ఇటు తిరిగినారు.

సంజీవయ్య నోట్లోంచి బీడీ తీసినాడు. నిదానంగా అన్న ముఖంలోకి చూసినాడు.

"మళ్లా అను..." అన్నాడు. "వాన్ని ఏమని పిలిస్తివి?"