తుప్పు తాళం వెనక నవ్వు

"ఏవండీ! నా పక్క గదిలో ఎవరుంటారు?"

సగం గడ్డానికి సబ్బు నురగతో, చేతిలో రేజరుతో మేడ దిగొచ్చాడు కొత్తగా అద్దెకు దిగిన కుర్రాడు. పొయ్యి ముందున్న ఇంటామె కూతురు తొణకలేదు.

"మా నాన్న."

"ఓహో. పొద్దున్నే అంత గట్టిగా నవ్వుతుంటే, ఒకసారి పలకరిద్దామని..."

"కుదరదండీ. పోయి ఏడాదైంది."

రేజరు కింద పడింది.

కుర్రాడి పని తాళాలు బాగుచేయడం. పరుగున పైకెళ్లి ఆ గది తాళం చూసొచ్చాడు. తుప్పు చెవి రంధ్రాన్ని కూడా పూడ్చేసింది. ఇందాకటి నవ్వు మాత్రం ఆ తలుపు వెనకే వినబడింది.

"ఒకటో తారీఖుకి ఖాళీ చేస్తాను."

"అబ్బో, మొనగాడే!" ఆమె పొగగొట్టం చూపించింది. "ఇది ఆ గదిలోంచే పైకెళ్తుంది. నవ్వింది నేను."

"మగ గొంతండీ!"

"గొట్టంలో బొంగురుపోతుంది లెండి."

ముఖం కడుక్కున్నట్టే రోజూ నవ్వాలనేవాడట వాళ్ల నాన్న. నవ్వొచ్చినా రాకపోయినా, టీకి ముందు నవ్వు. ఆయన పోయాక అమ్మ నోరు విప్పలేదు. ముందుగదిలో గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఈ నవ్వు వినబడితేనే గ్లాసు అందుకుంటుంది.

"మీకు నిజంగా నవ్వొస్తుందా?"

"మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు సగం దానంతటదే వస్తోంది. మిగతా సగం నేను లాక్కొస్తున్నా."

ఒకటో తారీఖు వెళ్లిపోయింది.

"ఖాళీ చేస్తానన్నారుగా?"

"నా పెట్టెకి తాళం పడటం లేదండీ."

"తాళాలవాడికా!"

అతను తల దించుకున్నాడు. ఆ నవ్వు వినబడందే రేజరు పట్టడం మానేశాడు మరి.

ఒక వాన పొద్దున నవ్వు రాలేదు. నురగ ఆరిపోయింది. దిగొచ్చి చూస్తే ఆమె మెడకు గుడ్డ చుట్టుకుని ఉంది. గొంతు పోయింది. ముందుగదిలో టీ ముట్టకుండానే చల్లారుతోంది. అతని వైపు, గొట్టం వైపు వేలు చూపించింది.

"నేనా? నాకు నవ్వడం రాదండీ."

"తాళంచెవి తిరగకపోతే ఏం చేస్తారు?" గుసగుసలాడింది.

"తిప్పుతూనే ఉంటాను."

"మరింకేం!"

గొట్టం కిందికి వంగి "హ... హ" అన్నాడు. నూనె లేని గడియలా కీచుమంది. ఆమె నోరు మూసుకుని ఊగిపోయింది. అది చూసి అతనికి నిజంగానే వచ్చింది నవ్వు. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని, చివరికి ఆపాడు.

పైన ఆగలేదు.

బొంగురుగా, తీరిగ్గా, మగ గొంతు. ఆమె చెయ్యి అతని చేతిని వెతుక్కుంది.

"రోజూ ఇంతేనే." గుమ్మంలో అమ్మ. చేతిలో ఖాళీ గ్లాసు. "నీ తర్వాత ఆయన నవ్వుతారు. నువ్వేమో కళ్లు ఒత్తుకుంటూ పెరట్లోకి పోతావు. ఆగి వింటే కదా!"

"తాళం... తీసి చూడనా అమ్మా?" అన్నాడతను. చెయ్యి మాత్రం వదల్లేదు.

"వద్దు బాబూ. ఆయనకి మొహమాటం."

అమ్మ ఆ రెండు చేతులనూ చూసింది. తర్వాత గొట్టానికి చెవి ఒగ్గింది. "ఊఁ... ఊఁ" అంది పైకి.

"అబ్బాయి నవ్వు ఏం బాగాలేదంటున్నారు. రోజూ నవ్వితే అదే కుదురుతుందిట. ఇంట్లోనే ఉండి నేర్చుకోమంటున్నారు."