ముడి వెయ్యని బేలర్

షెడ్డులో గడ్డి మోపులు కట్టే పాత బేలర్లు రెండున్నాయి. ఒకటి పైకి కొత్త రంగుతో మిలమిలలాడుతోంది గానీ, గడ్డిని నొక్కి మోపు చేసే పెట్టె లోపలంతా తుప్పు. రెండోది మొహం మాడ్చుకుని ఉంది గానీ ఇనుము గట్టిది. ముడి మాత్రం వెయ్యదు. సుతిలి తాడు జారిపోయి, కట్టిన గడ్డి కట్టినట్టే ఊడిపోతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దుట్నుంచీ ఆ రెంటి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ముడి వెయ్యనిదాన్నే ఎంచుకున్నారు.

"ముడంటే నేను వేయిస్తా. తుప్పునేం చెయ్యను?" అన్నాడతను.

"నీతో పదిహేనేళ్ళు వేగలేదూ? దీనితో వేగలేనా!" అందామె. అతను పకపకా నవ్వాడు.

నిజానికి నవ్వుకునే తీరిక లేదు. నలభై ఆవుల చలికాలం మేతంతా కోసి పొలంలో పరిచి ఉంది. మధ్యాహ్నానికే మబ్బు కమ్ముకొచ్చింది. తడిసిందంటే బూజు పట్టిపోతుంది.

అతను యంత్రం వెనక నిలబడి, మోపు బయటికొచ్చే నోట్లోకి భుజాల దాకా దూరాడు. ముడి వేసే కొక్కెం దగ్గర రెండు చేతులూ పెట్టాడు. ఆమె పని ముందువైపు, పెద్ద ఇనప చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పడం. చక్రం తిరిగితే లోపల కత్తి కదులుతుంది. ఒకరికొకరు కనపడరు కాబట్టి ఆమె "తిప్పనా?" అని అడగాలి, అతను చేతులు పక్కకి తీసుకుని "తిప్పు" అనాలి. ఆ మాట వినకుండా చక్రం ముట్టుకోకూడదు. అది ఊపందుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

"తిప్పనా?" అందామె.

"తిప్పు."

రెండు వేళ్ళంత తిప్పింది.

"ఒసేయ్! ఎవరు తిప్పమన్నారే?" లోపల్నుంచి కేక.

"నువ్వే కదయ్యా!"

"నేను నోరు తెరిస్తే ఒట్టు! చొక్కా చెయ్యి ఇరుక్కుపోయింది. విడిపించుకుంటా, నువ్వు మాత్రం దాని జోలికి పోకు."

ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. పాత గ్రీజు వాసన, ఎండుగడ్డి వాసన... ఆ రెంటి అడుగున తడిసిన జుట్టు వాసన లాంటిదేదో. రేకుల మీద గాలి చప్పుడు ఆగింది. కొట్టంలో ఆవులు కూడా గమ్మునైపోయాయి.

"అయిపోయింది," అన్నాడతను పక్కనే.

తుళ్ళిపడి చూసింది. ఎదురుగా నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"బతికించావయ్యా!" అంది. ఏడుపొచ్చేసింది. అతని భుజం పట్టుకుంది. వెచ్చగానే ఉంది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అని వినపడింది... యంత్రం లోపల్నుంచి.

ఆమె మెల్లగా వంగి, యంత్రం కింద నుంచి అవతలికి చూసింది. నేల మీద రెండు కాళ్ళు. ఎడమ బొటనవేలికి పొద్దున తను కట్టిన కట్టు.

పక్కనున్నవాడి కాళ్ళ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

యంత్రం వెనక్కి పరిగెత్తాలి. మొగుణ్ణి బయటికి లాగెయ్యాలి. అడుగు పడలేదు. 'బయటికి రా' అని అరవబోయింది. నోరు తెరుచుకుంది. ఊపిరి వచ్చింది. మాట రాలేదు.

పక్కనున్నవాడు ఆమె వైపు జాలిగా చూశాడు. చక్రం మీద రెండు చేతులూ వేశాడు.

"తిప్పనా?" అన్నాడు.

అది ఆమె గొంతు.

"వద్దే! ఆగు! ఇంకా ఇరుక్కునే ఉన్నా!"

"తిప్పు," అన్నాడు పక్కనున్నవాడు. ఈసారి మొగుడి గొంతుతో.

ఆమె చక్రం మీద పడిపోయింది. రెండు చేతులతో వాటేసుకుని ఒంట్లో ఉన్న బరువంతా దాని మీదే వేసింది. ఇనుము చల్లగా, నిదానంగా ఆమెని కూడా లాక్కుంటూ కదిలింది. ఒక వేలంత... ఇంకో వేలంత...

లోపల కేకలు ఆగిపోయాయి. లోపలున్న మొగుడు గట్టిగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య... వచ్చావా? నీ చెయ్యి అందిందిలే. గట్టిగా పట్టుకుని లాగవే," అన్నాడు.