దీవి పాస్‌పోర్టు

"గీ ముదీర్ ఇయ్యాల దుబాయ్ ఇడిస్తే నీ పాస్‌పోర్టు గూడ పాయె కొడుకా. గది లేకుంటె నువ్వు..."

బాలవ్వ మాట పూర్తికాదు.

బర్ దుబాయ్ వీధిలో తెల్ల కారు కదులుతుంది. వెనక సీట్లో ముదీర్, అంటే కంపెనీ యజమాని, రాజశేఖర్. బాలవ్వ వంట చేసేది అతని ఫ్లాట్‌లోనే. కంపెనీకి తాళం వేసేశాడు. కూలీలు కేసు పెట్టకుండా వాళ్ల పాస్‌పోర్టులన్నీ చేతి బ్యాగులో వేసుకుని ఉడాయిస్తున్నాడు!

అందులో ఆమె కొడుకు లచ్చన్నది కూడా ఉంది. వాడి వీసా క్యాన్సిల్. దేశం దాటడానికి ఇవాళే ఆఖరు. దాటకపోతే జైలేనని బాలవ్వ భయం.

"టాక్సీ ఎక్కు అవ్వా." లచ్చన్న తల్లి చెయ్యి పట్టి లాగుతాడు.

సిగ్నల్. ఇంకో సిగ్నల్.

"వాడు ఇమానం ఎక్కిండంటవా?"

"జర మంచి మాట మాట్లాడవే."

ఎయిర్‌పోర్ట్.

అదుగో!

లచ్చన్న ఉరికి అడ్డం నిలబడతాడు.

"సార్, నా పాస్‌పోర్ట్ ఇయ్యండ్రి."

రాజశేఖర్ జేబులోంచి తన కొత్త పాస్‌పోర్టు తీసి వాడి ముక్కు ముందు ఆడిస్తాడు. ఏదో దీవి దేశానిది. నిరుడు డబ్బు కట్టి ఆ పౌరసత్వం కొన్నాడు. ఆ దీవి ఎటుందో అడిగితే చెప్పలేడు.

"నూట పాతిక దేశాలు. వీసా అడిగే మొగాడు లేడు. మరి నీది? ఆ ఇండియా నీలం బుక్కు చూస్తేనే కౌంటర్‌లో వాడికి అనుమానం. ఎందుకురా నీకది? ఖలాస్. యల్లా, జరుగు."

తోసుకుని వెళ్లిపోతాడు. ప్రయాణికులు తప్ప ఎవరూ దాటలేని గీత అవతలికి...

బాలవ్వ కూలబడుతుంది.

పది నిమిషాలు.

ఫోన్! రాజశేఖర్.

"బాలవ్వా, పొద్దున చెత్తబుట్టలో పడేశానే, నా పాత ఇండియా పాస్‌పోర్టు... ఎక్కడుంది? దుబాయ్ వీసా దానిలోనే అంటించి ఉంది. అది చూపిస్తేగానీ పోనివ్వరట."

బాలవ్వ సంచిలో చెయ్యి పెడుతుంది.

ఉంది.

మనిషి ఫొటో చెత్తలో పడితే ఆ మనిషికి కీడని, తీసి తుడిచి దాచింది. వాడు ఛీకొట్టిన నీలం పుస్తకం!

పుస్తకాన్ని కొంగులో ముడేసుకుంటుంది.

"గేటు మూసేస్తారే. చెప్పు."

లేచి నిలబడుతుంది.

"అమ్మా... బాలవ్వమ్మా... నీకు దండం పెడతా."

లచ్చన్న తల్లి మొహమే చూస్తున్నాడు.

బాలవ్వ ఫోన్‌లోకి అంటుంది.

"ఉన్నది సారూ. గీత ఇవతలికి రా. పోరగాండ్ల పుస్తకాలన్నీ పట్టుకొని రా. ముందుగాల మావోనిది నా చేతుల వెట్టు... గప్పుడు సూస్త."