ఖాళీ, ఖాడీ

నాకు తెలుగు రాయడం నేర్పింది మా అవ్వ. పేరు చిన్నవ్వ. సూరత్‌లో బడి అంటే గుజరాతీ, హిందీ. ఇంట్లో మాత్రం సాంచెల, అంటే మరమగ్గాల, మధ్య సందులో, నేల మీద సుద్దముక్కతో అవ్వ అక్షరాలు దిద్దించేది. సిరిసిల్లలో రాత్రిబడికి పోయి నేర్చుకున్న అక్షరాలవి. ఎన్ని దిద్దినా నా డ, ళ మాత్రం కవల పిల్లల్లాగే ఉండేవి. "ఏందే హారతీ, ఇందుల ఏది అక్క, ఏది చెల్లె?" అని అవ్వ నవ్వేది.

ఆ నవ్వు దగ్గరే మొదలుపెడతాను. మిగతాది చెప్పడం కష్టం.

ఆల్థాన్ వైపు ఉన్న ఒక కాలేజీలో నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. పాండేసర అద్దకం మిల్లుల నీళ్లు కలిసే ఖాడీ ఒకటి మా బమ్రోలి వెనక నుంచి పోతుంది. ఇక్కడ వాగును ఖాడీ అంటారు. దాని గట్టు మీద మట్టి, గట్టు మీద పెరిగే ఆకుకూరలు, గట్టు మీద వాలే కొంగలు రాల్చిన ఈకలు తెచ్చి, వాటిలో సీసం, క్రోమియం ఎంత ఉన్నాయో చూడడం నా ప్రాజెక్టు. ఎండబెట్టి, పొడి చేసి, యాసిడ్‌లో మరిగించి, మెషీన్‌కి ఇవ్వాలి. ప్రతిసారీ ఒక ట్యూబులో ఏమీ వేయకుండా ఉత్త యాసిడ్ మరిగిస్తాం. అందులో సున్నా రావాలి. రాకపోతే మిగతా అంకెలన్నీ అనుమానమే.

ల్యాబులో నా ట్యూబులు ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవారు. అందుకని నేను చీటీలు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. చదవలేక అందరూ తలలు గోక్కుంటుంటే నాకు భలే సరదా. చదవగలిగినవాడు ఒక్కడే, రాజ్‌కిరణ్. వాళ్ల నాన్నకు రైల్వేలో ఉద్యోగం, విజయవాడ నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చారు.

"పుంటికూర కాదు, దాన్ని గోంగూర అంటారమ్మా," అనేవాడు.

"పుంటికూర అననోళ్లకు మా ఇంట్ల తొక్కు పెట్టరు," అనేదాన్ని.

ఆ పుంటికూర మా అవ్వదే. ఖాడీ గట్టున రెండు మంచాలంత మడి కట్టి, ఊరి నుంచి తెచ్చిన గింజలు చల్లి పెంచింది. ఆ ఆకు వేసిన ట్యూబు మీద 'ఖాడీ' అని రాశాను. ఉత్త యాసిడ్ ట్యూబు మీద 'ఖాళీ' అని రాశాను. రెండూ పక్కపక్కన పెట్టి, బాగా కుదిరాయని నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

మే నెలలో మెషీన్ దగ్గర రాజ్‌కిరణ్ చీటీలు చదువుతుంటే నేను అంకెలు రాసుకున్నాను. రాసుకుంటూ, వాడి కొత్త మీసం మీద జోకులు వేస్తున్నాను.

"ఖాళీ, పదకొండు పాయింట్ నాలుగు. ఖాడీ, సున్నా."

మా గైడ్ మేడమ్ కాగితం చూసి మొహం చిట్లించింది. ఖాళీ ట్యూబులోనే సీసం వచ్చిందంటే ఏదో పాడైంది, మొత్తం మళ్లీ చేయమంది. మర్నాడే మెషీన్ చెడిపోయింది. దాని భాగం రావడానికి నాలుగు నెలలు పట్టింది.

యాసిడ్‌లోనే సీసం ఉంటే, అదే యాసిడ్ పోసిన ఖాడీలో సున్నా ఎలా వచ్చింది? మొదటి సంవత్సరం పిల్లలకు కూడా రావాల్సిన ప్రశ్న. నాకు రాలేదు. రానివ్వలేదేమో.

ఎందుకంటే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి అరిచేశాను. "అవ్వా, నీ పుంటికూర పాస్! సీసం సున్నా!"

"సున్నా వస్తె పాసేందే? మా బడిల సున్నా వస్తె వీపు పలగ్గొట్టేటోళ్లు."

"ఈ పరీక్షల సున్నానే ఫస్ట్ క్లాస్."

మా అన్న భార్య వీణ వదినకు అప్పుడే నెల తప్పింది. "అయితే మా వీణకు రోజూ పెట్టొచ్చు. పుల్లగ తినబుద్ధయితది పాపం," అంది.

"రోజూ పెట్టు. నాది పూచీ," అన్నాను.

జులైలో అవ్వ పోయింది. కొన్నాళ్లు కడుపునొప్పి అంది, చేతులు వణుకుతున్నాయంది. వయసు అన్నారు డాక్టర్లు. మూడు పూటలా ఆ ఆకే తినేది అవ్వ.

ఆగస్టు నుంచి మా గడప మీద రోజూ సాయంత్రం పుంటికూర కట్ట ఉండేది. సాంచె పోగుతో కట్టి ఉండేది. పోగు తెగితే అతికేటప్పుడు అవ్వ వేసే ముడి ఒకటుంది, రెండు కొసలూ కుందేలు చెవుల్లా నిలబడతాయి. ఆ ముడే. మా పక్కింటి కనకయ్య తాత కూడా పాత సాంచెల మనిషే. అవ్వ మడి ఆయనే చూసుకుంటూ కోసి తెచ్చిస్తున్నాడనుకున్నాం. "తాత నీ మీద మనసు పడ్డడు వదినా," అని నేను ఏడిపిస్తే వదిన గరిటె చూపించేది.

సెప్టెంబరులో మెషీన్ బాగైంది. పాత ట్యూబుల ర్యాక్ తీయమంది మేడమ్. బయట వాన. నేను 'ఖాళీ' అనుకుని ఒక ట్యూబు ఎత్తి వెలుతురుకు పెట్టాను.

లేత పసుపు రంగు.

ఉత్త యాసిడ్ నీళ్లలా ఉంటుంది. ఈ రంగు ఆకు కరిగితేనే వస్తుంది. చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. తిప్పి చూశాను. అక్క కాదు. చెల్లెలు. అది ళ కాదు... డ.

రాజ్‌కిరణ్ వచ్చి చూశాడు. "నాకు ఖాళీ అనే మాటే తెలుసు హారతీ. ఖాడీ అంటే ఏంటో తెలీదు. అందుకే మొదటిదాన్ని ఖాళీ అని చదివేశా, మిగిలిందాన్ని ఖాడీ అన్నా..."

సున్నా ఖాళీది. పదకొండు మా అవ్వ కూరది.

వదినకు ఫోన్ చేశాను. మోగింది. ఎత్తలేదు.

దీపాలు పెట్టే వేళకు బమ్రోలి చేరాను. కరెంటు పోయింది. మా బస్తీలో రాత్రీ పగలూ సాంచెల మోత ఉంటుంది, మేం దాంట్లోనే నిద్రపోతాం. ఆ రోజు ఒక్క సాంచె లేదు. వాన కూడా ఆగింది. చెవుల్లో నా రక్తం చప్పుడే వినిపించింది.

కనకయ్య తాత వాకిట్లో స్టూలు మీద కూర్చున్నాడు.

"తాతా, ఇగ మా ఇంటికి పుంటికూర తేకు."

"నేనేడ తెచ్చిన్నే? మీ అవ్వ పోయినంక వచ్చిన వానలకే ఆ మడి కొట్టుకపాయె. ఆడ మడి లేదు, గట్టు లేదు. ఖాడీ మింగింది."

గడప మీద కట్ట లేదు. ఎవరో లోపలికి తీసుకెళ్లారు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. లోపల చీకటి... ఉడికిన పుంటికూర వాసన, ఎల్లిపాయ పోపు వాసన. వాటి కింద ఇంకో వాసన. అద్దకం నీళ్లది, తడి మట్టిది. అవ్వ కొంగుకు ఎప్పుడూ ఉండే వాసన.

వదిన నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. ముందు పళ్లెం. నములుతోంది.

కిటికీలోంచి వచ్చే కొంచెం వెలుగులో చూశాను. వదిన చేతులు ఒళ్లో ఉన్నాయి. రెండూ... కడుపు మీద.

నోరు తెరుచుకుంది. మూసుకుంది. నమిలింది.

"ఇంకొక్క బుక్క... బిడ్డా... ఒక్క బుక్క..."

గుసగుస. గాలి కూడా అంతకంటే గట్టిగా మాట్లాడుతుంది. పళ్లెం ఇవతల కూర్చున్నాను.

"అవ్వా..."

నమలడం ఆగింది.

"అవ్వా, పెట్టకు. నీకు దండం పెడ్త... పెట్టకు."

తర్వాత నా చెవికి చాలా దగ్గరగా... "సున్నా అన్నవు గదనే..."

"తప్పు రాసిన అవ్వా. నా డ... నా ళ... సున్నా నీది కాదు."

పళ్లెం నేల మీద కొంచెం జరిగింది. ఎవరో చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు.

"మరి... ఇన్నొద్దులు... నేనేం పెట్టిన్నే దీనికి?"

చీకట్లో అవ్వ ఏడ్చింది. బతికుండగా ఎన్నడూ వినని ఏడుపు. చిన్నపిల్ల తప్పు చేసి దొరికినప్పుడు ఏడుస్తుందే, అలా.

కరెంటు వచ్చింది. సాంచెలన్నీ ఒక్కసారిగా మోగాయి.

"ఎప్పుడొచ్చినవ్ హారతీ? ఏడుస్తున్నవేంది?" అంది వదిన. పెదవి చివర ఆకుపచ్చ మరక. పళ్లెంలో సగం అన్నం. పక్కన కట్ట విప్పిన పోగు ఉండాలి, లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ఇంట్లో అంతా చెప్పాను, ఆ గొంతు సంగతి తప్ప. వదిన రక్తంలో సీసం ఉంది. ఇంకేం జరుగుతుందో ఇప్పుడే చెప్పలేం, ఆ కూర మానేసి చూద్దాం అంది డాక్టరమ్మ. శ్యాంసుందర్ అన్న నన్ను తిట్టలేదు. మాట్లాడడం మానేశాడు, అంతే. రాజ్‌కిరణ్ "నేను సరిగ్గా చదివుంటే" అన్నాడు. "నేను సరిగ్గా రాసుంటే" అన్నాను. వాడు మీసం తీసేశాడు, అయినా నేను ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం తర్వాత గడప మీద కట్టలు రాలేదు. అవ్వ వెళ్లిపోయిందనుకున్నాను. నిజం చెప్పి పంపించేశానని రోజూ ఏడ్చాను.

నిన్న స్కానింగ్‌కు వదినతో నేను వెళ్లాను. గుండె కొట్టుకుంటోంది అంది డాక్టరమ్మ. వదిన కళ్లు మూసుకుని నా వేళ్లు నలిపేసింది. తెర మీద గుప్పిట మూసిన చెయ్యి కనిపించింది.

మణికట్టు చుట్టూ సన్నటి తెల్లటి గీత.

"మెషీన్‌లో గీత," అని డాక్టరమ్మ తెర తుడిచింది. పోలేదు. చెయ్యి కదిలింది. గీత కూడా కదిలింది.

"ఏం కనవడ్తుంది హారతీ?" వదిన అడిగింది.

"ఏం లేదు వదినా."

గీత కలిసిన చోట చిన్న ముడి. రెండు కొసలు, కుందేలు చెవుల్లా. ఒకటి పొట్టిది. రెండోది పొడుగ్గా, తెర అంచు దాటి అటు పోయింది... అటువైపు ఎవరో పట్టుకున్నట్టు, బిగువుగా.